మా నలుగురి మోచేతులు

తేదీ: మార్చి 9, ఆదివారం మధ్యాహ్నం

గౌరవనీయురాలైన అక్కయ్యకు,

నీ చెల్లెలు బారెడు దూరంలో నిలబడి చేసే నమస్కారాలు. ఆ బారెడు దూరం నువ్వు పెట్టిందే కాబట్టి దగ్గరికి రాలేదేమని నిష్ఠూరమాడవని తలుస్తాను. ఇక్కడ నేను, మా ఆయన, అమ్మాయి క్షేమం. నా మోచేతులు కూడా క్షేమంగానే ఉన్నాయి. నిన్ను ప్రత్యేకంగా అడిగినట్టు రాయమన్నాయి. అక్కడ నువ్వు, బావగారు, నీ బ్యూటీ పార్లరు, అందులో నీ మాటకు ఎదురు చెప్పని ఆడవాళ్ళందరూ క్షేమమని ఆశిస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నువ్వు ఈపాటికే అనుకుంటూ ఉంటావు. ఫోన్లో మనిద్దరి మాటలు ఎలా సాగుతాయో నీకు తెలియంది కాదు. "హలో" ఒక్కటే నాది, మిగతాదంతా నీది. నేను ఊపిరి పీల్చుకునే సందులో నువ్వు రెండు సలహాలు చెప్పి, ఒకసారి కోప్పడి, పెట్టేస్తావు. కాగితానికి అడ్డు తగలడం నీ తరం కూడా కాదు. కాబట్టి స్థిమితంగా కూర్చుని ఆసాంతం చదువు. మధ్యలో కోపం వస్తుంది. వచ్చినా చదువు.

నా మోచేతుల మీద మచ్చలు మొదలైన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నీ పార్లర్లో, ఆ గుండ్రటి దీపం కింద నా చెయ్యి ఇటూ అటూ తిప్పి, ఇంకో ఆలోచన లేకుండా "తామర" అన్నావు. నువ్వు తామరంటే తామరే. మన ఇంటావంటా నీ మాటకు పై కోర్టు లేదు. సాయంత్రానికల్లా పెద్దమ్మకు తెలిసింది, మర్నాటికి మేనత్తకు తెలిసింది, వారం తిరిగేసరికి నేనెప్పుడూ చూడని చుట్టాలు కూడా నాకు తామర మందులు చెప్పడం మొదలుపెట్టారు. మీ ఇంటికి వస్తే నా తువ్వాలు వేరు, నా గ్లాసు వేరు. నాన్న రిటైరైనప్పుడు తీయించుకున్న ఫొటోలో నన్ను వెనక వరసలో, తాటిచెట్టంత బాబాయి వెనక నిలబెట్టావు. ఆ ఫొటోలో బాబాయి భుజం మీద కాకి వాలినట్టు నల్లగా ఏదో ఉంటుంది చూడు. అది నా కొప్పు.

వాటికి నేను నొచ్చుకోలేదే అక్కా. నొచ్చుకున్నది జుట్టు దగ్గర. ఊహ తెలిసినప్పటి నుంచి నా జుట్టు నువ్వే కత్తిరించావు. నువ్వు పని నేర్చుకున్నదే నా తల మీద. ఆ తొలి రోజుల్లో బడికి ఎలాంటి తలతో వెళ్ళానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అలాంటిది, ఆ మచ్చలు వచ్చాక ఒక రోజు దువ్వెన తీసే ముందు రబ్బరు గ్లవ్సు తొడుక్కున్నావు. జుట్టు కత్తిరించినంతసేపూ అద్దంలో ఇద్దరం గోడ గడియారం కేసే చూశాం. ఆ తర్వాత నేను మీ ఇంటి గడప తొక్కడం మానేస్తే, దుకాణంలో పని ఎక్కువైందని అందరికీ నువ్వే చెప్పావట.

దుకాణంలో పని ఎక్కువ కాలేదు, తక్కువైంది. కళ్ళజోళ్ళ దుకాణంలో నేను ముందు కౌంటరు మనిషినని నీకు తెలుసుగా. ఫ్రేము ముక్కు మీద, చెవుల వెనక సరిగ్గా కూర్చుందో లేదో చూడాలంటే ఎదుటి మనిషి ముఖానికి జానెడు దూరంలో చేతులు ఆడించాలి. ఇందులో నాకొచ్చిన చిక్కేమిటో ఆలోచించు. చూపు ఆనక మా దుకాణానికి వచ్చిన వాళ్ళకు నా మోచేతులు కనపడవు. నేను కొత్త అద్దాలు పెట్టగానే వాళ్ళకు లోకమంతా స్పష్టమైపోతుంది, ఆ లోకంలో మొట్టమొదట కనిపించేది నా మోచెయ్యి. ఒక పెద్దావిడ కొత్త కళ్ళజోడులోంచి నన్ను ఒక్క చూపు చూసి, తీసి బల్ల మీద పెట్టి, ఇదివరకు చూపే నయమని వెళ్ళిపోయింది. పొడుగు చేతుల బట్టలు వేసి చూశాను. బట్ట రాసుకున్నకొద్దీ పొట్టు ఇంకా రాలేది. అది పడేదెక్కడ, ఫ్రేములు పరిచే నల్ల మఖమలు గుడ్డ మీద.

మా ఓనరు చెడ్డవాడు కాడు, భయస్థుడు. నన్ను మర్యాదగా వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను దగ్గరికి మార్చి, ముందు తన బావమరిదిని కూర్చోబెట్టాడు. ఆ మహానుభావుడు తల ఎత్తకుండానే "మీ ముఖానికి భలే కుదిరిందండీ" అంటాడు. ఒకాయన "నేనింకా పెట్టుకోలేదయ్యా" అనడం వెనక గదిలోకి వినపడింది. నవ్వుకోవడానికి మిషను తప్ప పక్కన మనిషి లేడు.

నువ్విచ్చిన తామర మందు శ్రద్ధగానే రాశాను. అబద్ధమెందుకు, మొదట్లో తగ్గింది. మానగానే, పోయిన మచ్చలు చుట్టాలను కూడా వెంటబెట్టుకుని తిరిగొచ్చాయి. మోచేతుల మీంచి మోకాళ్ళకు, అక్కణ్ణించి మాడుకు పాకాయి. మా వీధి చివర డాక్టరు దగ్గరికి వెళితే ఆయన ఒక దిండంత పుస్తకం తెరిచి, ఒక బొమ్మ చూసి, నా చెయ్యి చూసి, మళ్ళీ బొమ్మ చూశాడు. బొమ్మలో ఎవరిదో తెల్లటి చెయ్యి, దాని మీద కోసిన టమాటా ముక్కల్లా ఎర్రటి మచ్చలు. నావేమో వంకాయ తొక్క రంగు, పైన బూడిద పూసినట్టు పొట్టు. "ఇది కాదులే" అని పుస్తకం మూసి, నువ్వు రాసిన మందే ఇంకాస్త ఖరీదైన పేరుతో రాశాడు. నీ గౌరవం నిలబడింది. నా మచ్చలూ నిలబడ్డాయి.

చివరికి మా ఆయన విసిగిపోయి పెద్దాసుపత్రికి లాక్కెళ్ళాడు. అక్కడ చర్మం డాక్టరమ్మ ఒకావిడ ఉంది. పొట్టి మనిషి, మెడలో తాడుకు కట్టిన భూతద్దం. నేను మనసులో భూతద్దం డాక్టరమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ నా మోచెయ్యి చూసింది. తర్వాత మాడు చూసింది. గోళ్ళు చూసింది. అంతటితో ఆగక బొడ్డు చూపించమంది. మోచేతికీ బొడ్డుకూ ఏమిటి చుట్టరికమని నేను మా ఆయన వైపు చూస్తే, ఆయన గోడ మీద దంతధావనం బొమ్మ చూస్తున్నాడు. చూపించాను. అక్కడా ఉంది మచ్చ, నాకే తెలియదు. గోళ్ళ మీద సన్నటి గుంటలు, దర్జీల వేలి తొడుగు మీద ఉంటాయే, అలాంటివి. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, "సోరియాసిస్ అమ్మా, తామర కాదు" అంది.

మా అక్క తామరందండీ అన్నాను. మీ అక్క డాక్టరా అని అడిగింది. కాదండీ, ఇంకా పెద్దది అన్నాను.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను, వైద్యురాలివి కాబట్టి నీకు నాకన్నా బాగా అర్థమవుతుంది. మన చర్మం నెల పట్టి నింపాదిగా చేయాల్సిన పనిని, ఆ మచ్చలున్న చోట వారం తిరక్కుండానే ముగించేస్తుందట. తొందరపడి పూసిన గోడ పెచ్చులూడినట్టు అందుకే ఊడుతుంది. ఒంట్లో కాపలా వాళ్ళే దొంగలొచ్చారనుకుని ఊరికే కేకలు పెట్టడం వల్ల వచ్చే గొడవట ఇది. పురుగూ కాదు, బూజూ కాదు. ముట్టుకుంటే అంటదు, తువ్వాలుతో అంటదు, గ్లాసుతో అంటదు, పక్కన నిలబడి ఫొటో దిగినా అంటదు. చివరిది ఆవిడ అనలేదు, నేను కలిపాను. పూర్తిగా వదిలిపోతుందన్న మాట మాత్రం ఇవ్వనంది. కొన్నాళ్ళు కనపడకుండా పోయి మళ్ళీ ఒకనాడు పెట్టె సర్దుకుని దిగుతుందట. మన మేనత్త బాపతు. మందులతో, లైట్లతో అదుపులో పెట్టొచ్చంది. జబ్బు పేరు తెలిసినందుకే నేను ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చానంటే నమ్ము.

అసలు కథ ఇక్కణ్ణించే. మరుసటిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ, వైద్యవిద్యార్థులకు పరీక్ష ఉంది, రోగిగా వచ్చి కూర్చుంటావా అని అడిగింది. జబ్బు పేరు చెప్పకూడదు, అడిగిన దానికి జవాబు చెప్పాలి, వాళ్ళే కనిపెట్టాలి. నా జన్మలో పరీక్షంటే నేను భయపడడమే గానీ, నన్ను చూసి ఇంకొకరు భయపడే పరీక్ష ఇదే మొదటిది. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. మంచి చీర కట్టుకుని, గోళ్ళు కూడా శుభ్రంగా కత్తిరించుకుని వెళ్ళాను. రోగి అన్నాక కాస్త పద్ధతిగా ఉండాలి కదా.

పొడుగాటి గది, నాలుగు మంచాలు, మధ్య మధ్య ఆకుపచ్చ తెరలు. నాతో పాటు ఇంకో ముగ్గురు. నా కుడిపక్క లారీ డ్రైవరు. చలి ముదిరిన దేశాల మనిషి, పాలమీగడ లాంటి ఒళ్ళు, మీసం దగ్గర్నుంచి కనురెప్పల దాకా రాగి రంగు. ఎడమపక్క పియానో నేర్పే పెద్దావిడ. తూర్పు దేశాల చక్కని చిన్న కళ్ళు, దువ్వెన పళ్ళ మధ్య ఇరుక్కునేంత సన్నటి నవ్వు. ఆ చివర్న జుట్టు కత్తిరించే షాపాయన. కాటుక లాంటి నిగనిగలాడే నలుపు, గొంతు మాత్రం రేడియోలో వార్తలు చదివినట్టు ఉంటుంది. ముగ్గురూ చాలా ఏళ్ళుగా మన ఊరి వాళ్ళే. నలుగురికీ ఉన్నది ఒకే జబ్బని మాకు తెలియదు. ఎవరి జబ్బు వాళ్ళకు తెలుసు, పక్కవాళ్ళది అడగకూడదన్నారు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. లారీ ఆయన తెర వెనకికి వెళ్ళిన ప్రతివాడూ నిమిషంలో సోరియాసిస్ అని, బయటికొచ్చి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఆయన మచ్చలు అచ్చం పుస్తకంలోవే, గులాబీ ఎరుపు మీద వెండి రేకుల్లా పొట్టు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్లలే నీళ్ళు నమిలారు. ఒకడు ఇంట్లో పిల్లి ఉందా అని అడిగాడు. లేదన్నాను. పక్కింట్లో ఉందా అన్నాడు. ఉందన్నాను. సంతోషంగా తామర అని రాసుకున్నాడు. ఇంకొకడు, పాపం చెమటలు కక్కుతున్నాడు, సబ్బు పడలేదేమో అన్నాడు. నాకు జాలేసి ఇంకోసారి చూడు నాయనా అన్నాను. అంతకుమించి చెప్పకూడదు కదా.

పియానో ఆవిడకు చిన్న చిన్న మచ్చలు, బొత్తాలు కుట్టినట్టు అంచులు తీరుగా ఉంటాయి. అవీ తామరే అన్నారు. జుట్టు షాపాయన మచ్చలు ఊదాకు, బూడిదకు మధ్య రంగులో మందంగా ఉంటాయి. వాటికి ఒక అబ్బాయి రైలు పట్టాలంత పొడుగున్న పేరేదో చెప్పాడు. ఆ పేరు విని షాపాయన హడలిపోయి, తెర కింద నుంచి తల పెట్టి, "అమ్మా, నేను పోయే జబ్బా అది?" అని పియానో ఆవిడను అడిగాడు. ఆవిడ చాలా నెమ్మదిగా, "నాకు సంగీతం వరకే తెలుసండీ" అంది.

పరీక్ష అయ్యాక ఎవరి జబ్బు పేరు వాళ్ళం పైకి చెప్పేసరికి, తెరల వెనక అసలు పోట్లాట మొదలైంది. లారీ ఆయన తొడ చరిచినట్టు మాట్లాడాడు. తనదే అసలైన సోరియాసిస్ అట, అందుకే ప్రతి పిల్లవాడూ చూడగానే పోల్చాడట. "మీవి ఏవో వేరే ఉంటాయి, ఆసుపత్రిలో చీటీలు తారుమారు అవుతుంటాయి" అన్నాడు. షాపాయనకు రోషం వచ్చింది. నేను ఇన్నేళ్ళ నుంచి అనుభవిస్తుంటే నాది డూప్లికేటా అన్నాడు. నేనూ ఊరుకోలేదు. నా బొడ్డు కూడా సాక్ష్యం చెప్పిందని చెప్పాను. జబ్బు నాదంటే నాదని కొట్టుకునే రోగుల్ని నేను ఎక్కడా చూడలేదు, అందులో నేనే ఒకదాన్ని.

ఆ గోల విని భూతద్దం డాక్టరమ్మ వచ్చి తెరలన్నీ సర్రున లాగేసింది. పిల్లలందర్నీ లోపలికి పిలిచింది. మమ్మల్ని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, నలుగురి మోచేతులూ పక్కపక్కన పెట్టమంది. పాలమీగడ, గోధుమ వన్నె, చామనచాయ, కాటుక. "ఇవి నాలుగు జబ్బులు కావు, ఒక్కటే" అంది. లారీ ఆయన మా మోచేతుల్ని, తప్పిపోయిన తమ్ముళ్ళను చూసినట్టు చూశాడు.

ఆవిడ పిల్లలకు చెప్పిన మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "అందరిలోనూ ఎరుపు కోసం వెతికితే ఎలా? ఎరుపు అందరికీ ఉంది. ఈయన ఒంటి మీద పైకి కనిపిస్తుంది. ఈవిడ చామనచాయ కింద ఊదాగా మారుతుంది. ఈయన నలుపు కింద ఇంకా లోపల దాక్కుంటుంది. రంగు చూసి ఆగిపోకండి. అంచు చూడండి, పొట్టు చూడండి, ముట్టుకుని మందం చూడండి, గోళ్ళు చూడండి, మాడు చూడండి. మీ పుస్తకాల్లో బొమ్మలన్నీ ఈయన మోచేతివే, అందుకే మిగతా ముగ్గురూ ఏళ్ళ తరబడి తప్పు మందు రాసుకున్నారు" అంది. తన మోచేతి ప్రస్తావన రాగానే లారీ ఆయన సన్మానం జరిగినట్టు లేచి నిలబడబోయి, మిగతాది విని మెల్లిగా కూర్చున్నాడు. ఒక్కొక్క జాతిలోనూ ఒక్కో తీరు ఎక్కువగా కనిపిస్తుందట, అయినా ఒకే జాతిలో ఇద్దరికి ఒకేలా ఉంటుందన్న నమ్మకం కూడా లేదట. మచ్చ మానాక లారీ ఆయనకు చర్మం మామూలైపోతుంది. నాకూ షాపాయనకూ ఆ చోట నల్లటి నీడ నెలల తరబడి మిగిలిపోతుంది. అది జబ్బు కాదు, జబ్బు వెళ్ళిపోయిన జాడ. అది తెలియక నేను మానిన చోట కూడా మందు రాసి రాసి చర్మాన్ని పల్చన చేసుకున్నాను.

తర్వాత, ఆ పిల్లల్లోనే నాకు తామర అని రాసిన ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చి తప్పు చెప్పానని తల వంచుకుంది. చెయ్యి ముట్టుకోవచ్చా అని అడిగింది. ముట్టుకో అన్నాను. గ్లవ్సు లేవు. చల్లటి వేళ్ళతో నా మోచేతి అంచు వెంబడి, బొట్టుపెట్టినంత నెమ్మదిగా తడిమింది. మా ఆయనా, అమ్మాయీ తప్ప ఎవరూ ముట్టుకోక ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది నాకు. ఏడుపు వస్తుందేమోనని గబగబా, "మరి ఎన్ని మార్కులు పోయాయమ్మా" అని అడిగాను. ఆ పిల్ల నవ్వింది, నేనూ గట్టెక్కాను.

ఆ మధ్యాహ్నం నలుగురం ఆసుపత్రి క్యాంటీన్లో కూర్చుని ఎవరి కథ వాళ్ళం చెప్పుకున్నాం. లారీ ఆయనకు జబ్బు పేరు మొదటి నుంచీ తెలుసు, కానీ తాగుడు వల్లే వచ్చిందని వాళ్ళమ్మ తేల్చేసిందట. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. పియానో నల్ల మీటల మీద పొట్టు రాలుతుందని తల్లిదండ్రులు తమ పిల్లల చేత పాఠాలు మాన్పించారట, ఆ మాట ఆవిడ చెంచాతో టీ కలుపుతూ టీ కేసి చూస్తూ చెప్పింది. షాపాయన, దువ్వెనల వల్ల అంటించుకున్నాడని పుకారు పుట్టి జనం రావడం మానేస్తే, ఖాళీ కుర్చీకి తానే అద్దంలో కబుర్లు చెప్పేవాడట. నేను నా వెనక గది సంగతి చెప్పాను. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆ శనివారం, దుకాణం కిటకిటలాడే వేళ, ముగ్గురూ దిగారు. పొట్టి చేతుల చొక్కాలు, పొట్టి చేతుల గౌను. వరసగా కుర్చీల్లో కూర్చుని, మోచేతులు నల్ల మఖమలు మీద ఆనించి, కళ్ళజోళ్ళు కావాలన్నారు. ఓనరు బావమరిది అలవాటుగా "భలే కుదిరిందండీ" అని, తల ఎత్తి మోచేతుల్ని చూసి, కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. మాకు వెనక గదిలో ఉండే అమ్మగారే పెట్టాలి అన్నాడు లారీ ఆయన, రోడ్డు మీద హారను మోగించినట్టు. ఓనరు నన్ను పిలిచాడు. పిలవక చేసేదేముంది.

నేను వచ్చి ఒక్కొక్కరికీ ఫ్రేము పెట్టి చూశాను. పక్కన వాళ్ళు లేచి దూరంగా నిలబడ్డారు. అప్పుడు షాపాయన తన వార్తల గొంతుతో, "అంటుకునే జబ్బు కాదండీ, కూర్చోండి" అని మొదలుపెట్టి, సోరియాసిస్ గురించి డాక్టరమ్మ చెప్పిందంతా మా దుకాణం దుకాణానికీ చదివి వినిపించాడు. పియానో ఆవిడ ఆయన మరిచిపోయిన చోట మెల్లగా అందించింది. లారీ ఆయన ఉదాహరణగా తన చెయ్యి ఎత్తి చూపించాడు, అక్కర లేనప్పుడు కూడా.

కొందరు వెళ్ళిపోయారు, దాచను. ఉన్నవాళ్ళలో ఒకావిడ, చూస్తే బళ్ళో హెడ్మిస్ట్రెస్సులా ఉంది, ఫ్రేముల స్టాండు వెనకికి నన్ను సైగ చేసి పిలిచింది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి, "ఇది కూడా అదేనా?" అంది గుసగుసగా. నేను డాక్టర్ని కాదండీ, నాకెలా తెలుస్తుంది, ఫలానా ఆసుపత్రికి వెళ్ళండి అన్నాను. ఆవిడ వెళ్ళింది. నయమవుతోందట. తర్వాత తన కళ్ళజోడుకే కాదు, వాళ్ళ బడి టీచర్లందరి కళ్ళజోళ్ళకీ నా పేరే చెప్పి పంపించింది. ఓనరు మనసు మారిందో, లెక్క మారిందో నేను అడగలేదు. సోమవారం నుంచి ముందు కౌంటరు నాది. బావమరిది వెనక గదిలో మిషనుకు చెబుతున్నాడు, భలే కుదిరిందని.

ఇప్పుడు మంగళవారాలు, శుక్రవారాలు ఆసుపత్రిలో లైట్ల గదికి వెళ్తున్నాను. బీరువాలాంటి నిలువు పెట్టెలో నిలబెట్టి, నల్లటి కళ్ళజోడు పెట్టి, కాసేపు లైటు వేస్తారు. ఆ కళ్ళజోడు ఎవరి ముక్కుకూ సరిపోదు, ఆ సంగతి చెప్పి వాళ్ళ ప్రాణం తీస్తున్నాను. పొట్టు రాలడం ఆగింది. నీడలు మిగిలాయి, వాటి పాటికి అవే పోతాయి. నువ్వు నాకు క్షమాపణ చెప్పక్కర్లేదు. తెలిసిన డాక్టరే పుస్తకం చూసి పొరబడితే నీ దీపం కింద నువ్వు పొరబడడంలో వింతేముంది. వచ్చే ఆదివారం మా ఇంటికి రా. చాలా మాటలున్నాయి, సగం నన్ను కూడా మాట్లాడనియ్యి.

బావగారికి నా నమస్కారాలు. నాన్నను అడిగినట్టు చెప్పు.

కోపం లేని, కాస్త అలక మిగిలిన
నీ చెల్లెలు
పిచ్చుక

తా.క.: అక్కా, ఇన్ని కాగితాలు నా మోచేతుల కోసం నింపానని అనుకున్నావా? లేదు. నీ కోసం, అంతకన్నా బావగారి కోసం.

పోయిన నెల లైట్ల గది ముందు బెంచీ మీద ఒకాయన న్యూస్ పేపరు తలకిందులుగా పట్టుకుని ముఖం దాచుకుని కూర్చున్నారు. పేపరు తిరగేసి ఇద్దామని వెళ్ళాను. బావగారు. మంగళవారం సాయంత్రాలు ఆయన నీతో చెప్పినట్టు చదరంగం క్లబ్బుకు వెళ్ళడం లేదే అక్కా. అసలు మన ఊళ్ళో చదరంగం క్లబ్బు లేదట.

ఆయన మోకాళ్ళ మీద, నడుం మీద గులాబీ రంగు మచ్చలకు నువ్వు రాజావారి చర్మమని పేరు పెట్టావు. ఎండ పడని, గాలి పడని సుకుమారమన్నావు. పెళ్ళైన నాటి నుంచీ రోజూ నీ పార్లరు క్రీము నీ చేతులతోనే రాస్తున్నావు. అది కూడా ఇదే అక్కా. ఆయన పచ్చటి మనిషి కాబట్టి ఆయనకు గులాబీగా వచ్చింది, నేను చామనచాయ కాబట్టి నాకు వంకాయ రంగులో వచ్చింది. ఆయనది నా నుంచి అంటలేదు, నాకన్నా ముందు నుంచే ఉంది. నాకు ఆయన నుంచీ అంటలేదు. ఇన్నేళ్ళు వట్టి చేతులతో రాసిన నీకు గోరంత మచ్చ రాలేదు. ఇంతకన్నా పెద్ద సాక్ష్యం భూతద్దం డాక్టరమ్మ దగ్గర కూడా లేదు.

జబ్బు పేరు ఆయనకు ఎప్పుడో తెలుసట. నాకు జరిగింది చూశాక నీకు చెప్పే ధైర్యం చాలలేదట. "మీ అక్కకు మెల్లిగా నువ్వే చెప్పు, కాస్త మెత్తగా రాయి" అని ఇందాకటి నుంచీ మా హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నారు.

కవరు మీద స్టాంపు లేదని నువ్వు చూసే ఉంటావు. తెచ్చిన మనిషి ఈపాటికి మీ గుమ్మం దగ్గరే నిలబడి ఉంటారు, మళ్ళీ బయటికి వెళ్ళాల్సి వస్తే సులువుగా ఉంటుందని బూట్లు కూడా విప్పకుండా. నా మీద అరవాలనుంటే ఫోన్ చేసి అరిచెయ్యి, హలో కూడా అనకుండా వింటాను. ముందు ఆయన్ని మాత్రం బూట్లు విప్పమను.